సాయంకాలపు చదువు చదువు కాదా?



గత ఆగస్టు 7వ తేదీన, జాతీయ చేనేత దినమునాడు, మా షోలాపురములో నేత కుటుంబముల విద్యార్థులకు సన్మాన సభ జరిగినది. పదవ తరగతి, పన్నెండవ తరగతి, డిగ్రీ, ఆపై చదువులలో మంచి మార్కులు తెచ్చుకొన్న పిల్లలను వేదిక మీదికి పిలిచి శాలువాలు కప్పి, నోటు పుస్తకములు, కొంత నగదు ఇచ్చిరి. సభ బాగుగనే జరిగినది. ఆ సభకు కుర్చీలు వేయించినది, మైకు పెట్టించినది, శాలువాలు లెక్కపెట్టి బల్లమీద పేర్చినది మా సహకార సంఘపు గుమాస్తా. ఇరువదియెనిమిదేండ్ల కుర్రవాడు. పగలు మా సంఘములో లెక్కలు వ్రాసి, సాయంకాలము ఆరు గంటలకు కళాశాలకు పోయి, ఎం.కామ్. మొదటి సంవత్సరపు పేపర్లన్నియు మంచి మార్కులతో గట్టెక్కినవాడు. అతని పేరు మాత్రము ఎవరును పిలువలేదు. ఎందుకనగా దరఖాస్తు కాగితము మీద ఒక షరతు ఉన్నది: పూర్తికాలము చదువుకొను విద్యార్థులు మాత్రమే అర్హులు.

ఆ షరతు వ్రాసినవారిని నిందించుటకు ఈ వ్యాసము వ్రాయుటలేదు. అయిదేండ్ల క్రిందట ఆ కాగితము తయారు చేసినవారిలో మేమును ఒకరము. పని చేసికొనుచు చదువువారు మనలో ఉన్నారను సంగతియే ఆనాడు మాకు తోచలేదు. ఉద్యోగము దొరికినవానికి వేతనమున్నది గదా, ఇంక బహుమతి ఎందుకని ఎవరో అనగా అందరమును తల ఊపితిమి.

అంతకంటె పెద్ద తప్పు ఇంకొకటి మా వలన జరిగినది. అదియు చెప్పక తప్పదు. నిరుటి శీతాకాలములో ఆ కుర్రవాని మొదటి పరీక్షలు వచ్చినవి. ఆ వారముననే పూనాలో చేనేత ప్రదర్శన. సంఘపు దుకాణములో కూర్చుండి బిల్లులు వ్రాసి, యంత్రము మీద కార్డు గీయించి డబ్బు పుచ్చుకొనుట తెలిసినవాడు అతడొక్కడే. "కాకా, నాలుగు పేపర్లలో ఒక్కటి ప్రదర్శన రోజున పడినది, ఆ ఒక్క దినము వేరెవరినైన పంపుము" అని అడిగెను. చీరలు నిలువ ఉండిపోవునను భయముతో మేము వినలేదు. పరీక్ష మరల వ్రాయవచ్చును, ప్రదర్శన మరల రాదు అంటిమి. అతడు ఎదురు చెప్పక పూనాకు పోయి దుకాణము నడిపి వచ్చెను. ఆ ఒక్క పేపరు కొరకు తిరిగి రుసుము కట్టి, వేసవి పరీక్షలతో కలిపి వ్రాయవలసి వచ్చినది. కొన్నాళ్లకు అతని తల్లి బీడీల తట్ట చంకన పెట్టుకొని పోవుచు మా వాకిట నిలిచి, "అన్నా, చీరలన్ని అమ్ముడుపోయినయట గదా. నా కొడుకు పేపరు సుత వాటితోనే పోయింది" అన్నది. అంతే అన్నది. మేము జవాబు చెప్పలేదు. చెప్పుటకు ఏమియు లేదు.

మేము చదివినది పదవ తరగతి వరకే, పూర్వపు మాటలో మెట్రిక్యులేషను. 1996లో పాసయితిమి. సాయంకాలపు కళాశాలలో చేరుదునని అడుగగా మా నాన్నగారు గుంట మగ్గము వైపు చూపించి, "దీనికి సాయంకాలము లేదురా" అనిరి. ఆయన మాట తప్పని అనలేము. ఇంటిలో ఏడుగురు తినువారు. కాని ఆ మాటనే మేము ఇరువదియెనిమిదేండ్ల తరువాత మరియొకని కొడుకుతో అంటిమను సంగతి మొన్న సభలో, అతడు శాలువాలు పేర్చుచుండగా, మా మనస్సునకు తట్టినది.

ఇట్టి కుర్రవాని దినము ఎట్లు గడచునో చాలమందికి తెలియదు. తెల్లవారి అయిదింటికి లేచి తండ్రికి ఆ దినమునకు కావలసిన కండెలు చుట్టిపెట్టును. తండ్రికి చూపు మందగించినది. తెగిన పోగు అతుకుటకు ఇప్పుడు ఒక్కొక్కసారి కొడుకును పిలువవలసి వచ్చుచున్నది. పది గంటలకు సంఘము. అయిదున్నర వరకు నూలు చిలపల లెక్క, సభ్యుల కూలి లెక్క, పన్నుల రిటర్నులు. ఆరు మొదలు ఎనిమిదిన్నర వరకు తరగతి. ఇల్లు చేరునప్పటికి తొమ్మిది. అన్నము తిని పుస్తకము తీయునప్పటికి ప్రక్క కార్ఖానాలోని మరమగ్గములు టకటకమని మ్రోగుచునే యుండును. అవి రాత్రియంతయు ఆగవు. అదే దీపము క్రింద తల్లి మరునాటి వెయ్యి బీడీలకు ఆకు కత్తిరించుచుండును. పుస్తకము ఆంగ్లములో. అర్థము చేసికొనుటకు ప్రక్కన వ్రాసికొనునది మరాఠీలో, ఏలనగా బడి చదువు మరాఠీలో సాగినది. తల్లి "ఏం జదువుతున్నవ్ బిడ్డా" అని అడిగినప్పుడు చెప్పునది తెలుగులో. పాలమూరు, నల్లగొండ, కరీంనగరము జిల్లాలనుండి కూలి వెదకుకొనుచు వచ్చి ఇక్కడ స్థిరపడిన మన ఇండ్లలో ప్రతి పిల్లవానికిని ఈ మూడు భాషల మోత ఉన్నదే. కర్ణాటకములో, తమిళ దేశములో, ఒడిశాలో ఉన్న మనవారికిని మధ్యనున్న భాష పేరు మారునే గాని బరువు మారదు.

నేతవారము గనుక గంటలలో లెక్క చెప్పుదము. వారమునకు అయిదు సాయంకాలములు, ఒక్కొక్కటి రెండున్నర గంటలు. వారమునకు పన్నెండున్నర గంటలు. ఏడాదికి 30 వారములు తరగతులు నడిచినవనుకొన్నను 375 గంటలు. దినమునకు ఎనిమిది గంటల చొప్పున మగ్గము మీద కూర్చుండినచో అది దాదాపు 47 దినముల పని. రెండేండ్లకు 94 దినములు. కళాశాల రుసుము ఎంతయని మనము అడుగుదుము గాని, నేత ఇంటికి అసలు ఖర్చు రుసుము కాదు, ఈ పోయిన కూలి. చదువు గంటలను, ప్రయాణపు గంటలను ఇందులో కలుపలేదు. 2019-20లో జరిగిన నాలుగవ అఖిల భారత చేనేత గణన ప్రకారము నేత కుటుంబములలో మూడింట రెండువంతులకు నెల ఆదాయము 5,000 రూపాయల లోపే. అట్టి ఇంటిలో 94 దినముల కూలి వదలుకొని ఒక కొడుకు చదువుచున్నాడనగా, ఆ ఇల్లంతయు చదువుచున్నదనియే అర్థము. తండ్రి మాటలాడక రెండు గంటలు ఎక్కువ కూర్చుండును. తల్లి రెండు వందల బీడీలు ఎక్కువ చుట్టును.

ఇంత కష్టపడి తెచ్చుకొను పట్టమును మన పెద్దలు కొందరు "రాత్రి డిగ్రీ" అని తేలికగా మాటలాడుట మా చెవులతో విన్నాము. పెండ్లి సంబంధముల వద్ద ఇది మరియు ఎక్కువ. "అబ్బాయి ఎం.కామ్. గాని, సాయంకాలపుది" అని గొంతు తగ్గించి చెప్పుదురు, చీరలో మచ్చయున్నట్లు. విశ్వవిద్యాలయము సాయంకాలము తరగతులు నడిపినను, పరీక్ష ఒకటే, ప్రశ్నపత్రము ఒకటే, పట్టము ఒకటే. దూరవిద్య విషయములో కూడ విశ్వవిద్యాలయముల గ్రాంట్ల సంఘము, అనగా యు.జి.సి., 2022 సెప్టెంబరులో స్పష్టముగ ప్రకటించినది: గుర్తింపు గల సంస్థలు దూరవిద్య ద్వారా ఇచ్చు డిగ్రీలు, పోస్టుగ్రాడ్యుయేటు డిగ్రీలు మామూలు కళాశాలల డిగ్రీలతో సమానమే. ఇంక గొంతు తగ్గించ నక్కరలేదు.

పనివారి కొరకు వేళ మార్చి చదువు చెప్పుట నిన్న మొన్న వచ్చినది కూడ కాదు. జ్యోతిరావు ఫూలే దంపతులు 1855లో పూనాలో, పగలు పొలములలోను కూలి పనులలోను ఉండువారికై రాత్రి బడి నడిపిరి. లండను నగరములో 1823లో చేతిపనివారి కొరకే స్థాపింపబడిన మెకానిక్స్ ఇన్‌స్టిట్యూట్ అను సంస్థ తరువాత బర్క్‌బెక్ కళాశాలయై 1920లో లండను విశ్వవిద్యాలయములో చేరినది. నేటికిని అది సాయంకాలపు తరగతులకే పేరుపొందినది. బొంబాయిలో డాక్టరు అంబేద్కరు గారి పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ 1946లో సిద్ధార్థ కళాశాలను తెరచినప్పుడు, ఉద్యోగము చేసికొను బీద విద్యార్థులకు వీలుగ తెల్లవారు జామున తరగతులు పెట్టిరి. ఆ బొంబాయిలోనే 1982 జనవరిలో మిల్లుల సమ్మె మొదలై, తరువాత ఒకటొకటిగ మిల్లులు మూతపడగా వర్లి, లోయరు పరేలు చాళ్లలోని మన తెలుగువారెందరో వీధిని పడిరి. మా బంధువులలో ఒకాయన సమ్మెకు ముందు మిల్లులో షిఫ్టు ముగించుకొని రాత్రి బడికి పోవుచుండగా తోటివారు "పంతులుగారు వచ్చిరి" అని నవ్వెడివారట. మిల్లు మూతపడిన ఏడాదికి ఆయన ఒక కార్యాలయములో గుమాస్తాగ చేరెను. నవ్వినవారిలో ఇద్దరి పిల్లలకు తరువాత ఆయనయే రుసుము కట్టెను. ఇది ఆయన చెప్పగ కాదు, ఆ పిల్లలు చెప్పగ విన్నాము.

ఇంక మా పాలకవర్గములో వచ్చిన ఆక్షేపణ సంగతి. గుమాస్తాకు పరీక్ష సెలవు ఇచ్చి చదివించినచో పట్టము చేత పట్టుకొని వెళ్లిపోడా? సంఘపు డబ్బుతో చదివి ఎవరో సాహుకారు వద్ద చేరినచో మనకేమి లాభము? ఇది ఊరక కొట్టిపారవేయు మాట కాదు. మా సంఘము ఇచ్చు జీతము మాకు తెలియును. అతడు పోవచ్చును. ఈ భయముతోనే మేమును నిరుడు అతనిని పూనాకు పంపితిమేమో యని ఒక్కొక్కసారి అనిపించును.

కాని ఈ రెండేండ్లలో జరిగినది చూచితిమి. 2017 జూలై 1వ తేదీనుండి జి.ఎస్.టి. వచ్చిన పిదప నూలు కొన్నప్పుడు కట్టిన పన్నును చీరలు అమ్మినప్పటి పన్నులో తగ్గించుకొనవచ్చునను సంగతి మాకును తెలియును. అయితే అమ్మినవాడు తన రిటర్నులో మన బిల్లు చూపనిదే ఆ తగ్గింపు మనకు రాదు. మాకు నూలు అమ్మిన ఒక వ్యాపారి మూడు బిల్లులు చూపక వదలివేసినాడు. మేము చూడలేదు, మా లెక్కలు వ్రాసిపెట్టు బయటి మనిషియు చూడలేదు. తరగతిలో పన్నుల పాఠము విని వచ్చిన మరునాడు మా గుమాస్తా పాత కాగితములన్నియు ముందు వేసికొని ఆ మూడు బిల్లులను పట్టుకొనెను. వ్యాపారికి ఉత్తరము వ్రాసి సరిచేయించెను. ఆ సొమ్ము మా సంఘమునకు పెద్దదే. దానిలో నాలుగవ వంతు పెట్టినను అతని రెండేండ్ల రుసుము తీరిపోవును. మగ్గము నడుపుట మన తాతలకు తెలిసినట్లు మనకును తెలియును. సహకార సంఘమును నడుపుట నేడు కాగితములు నడుపుట. ఆడిటరు వ్రాసిన ఆంగ్లపు వ్యాఖ్యలు చదివి మరుమాట చెప్పగలవాడు సంఘమునకు ఒక్కడైన లేనిచో మంచి చీర నేసియు నష్టపడుదుము. పాలకవర్గములో మేము ఈ మాటయే చెప్పితిమి. పోవునెడల పోనిండు. పోయినవాడు మన ఇంటివాడే గదా, మనకు శత్రువు కాడు.

సహకార విద్యకు ప్రత్యేకముగ తలుపులును తెరువబడుచున్నవి. పూనాలో వైకుంఠ మెహతా పేర జాతీయ సహకార నిర్వహణ సంస్థ 1967నుండి ఉన్నది. గుజరాతులోని ఆణందులో సహకార రంగమునకై త్రిభువన్ సహకారీ విశ్వవిద్యాలయము 2025లో పార్లమెంటు చట్టముతో ఏర్పడినది. వీటిలో చదివి వచ్చినవారు పెద్ద పెద్ద పాల సంఘములకు, బ్యాంకులకు పోవుదురే గాని, నేత సంఘములకు ఎవరు వచ్చెదరు? మన పిల్లలే రావలెను.

ఆడపిల్లల సంగతి వేరుగ చెప్పవలెను. రాత్రి ఎనిమిదిన్నరకు తరగతి వదలిన పిదప ఆడపిల్ల ఒంటరిగ ఇల్లు చేరుట మన వాడలలో ఎట్టిదో అందరికిని తెలియును. పెండ్లియైన కోడలైనచో చెప్పనే అక్కరలేదు. సాయంకాలము ఆరు మొదలు ఎనిమిదిన్నర అనునది ఇంటిలో వంట వేళ. సాయంకాలపు కళాశాల పేరు చెప్పి, మగపిల్లలకే ఒక దారి వేసి మురిసిపోవుట తగదు. వీరికి సార్వత్రిక విశ్వవిద్యాలయమే అనుకూలము. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయములో ఎం.ఏ., ఎం.కామ్. వంటివి కనీసము 2 సంవత్సరములలో, వీలుకానిచో 4 సంవత్సరముల వరకు పూర్తి చేయవచ్చును. పరీక్షలు జూనులోను డిసెంబరులోను జరుగును. ఇంటివద్ద వ్రాసి పంపు పాఠములకు సాధారణముగ 30 శాతము, పరీక్షకు 70 శాతము మార్కులు. ప్రసవమో, ఇంటిలో జబ్బో వచ్చి ఒక డిసెంబరు పోయినను జూను ఉన్నది. కేంద్ర జౌళి మంత్రిత్వ శాఖ 2016లో ఈ విశ్వవిద్యాలయముతోను, జాతీయ సార్వత్రిక పాఠశాలతోను ఒప్పందము చేసికొన్నది. నేత కుటుంబములలోని స్త్రీలకును, షెడ్యూల్డు కులములు తెగల వారికిని, దారిద్ర్యరేఖకు దిగువనున్న వారికిని రుసుములో 75 శాతము ప్రభుత్వమే భరించునని ఏర్పాటు. ఈ సంగతి తెలిసిన నేత ఇండ్లు మా వాడలో వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. కార్యదర్శులమైన మాదే ఈ లోపము. దరఖాస్తు చేయుటకు ముందు, ఆ సంవత్సరమునకు ఆ సదుపాయము ఎట్లు అమలగుచున్నదో దగ్గరి వీవర్స్ సర్వీసు సెంటరులో విచారించుకొనవలెను. ఇవి బొంబాయి, బెంగుళూరు, కాంచీపురము, సేలము, భువనేశ్వరములలో కలవు.

ప్రాంతముల వారీగ చూచినచో మహారాష్ట్రలో నాసికునందు యశ్వంతరావు చవాన్ విశ్వవిద్యాలయము 1989నుండి ఉన్నది. కర్ణాటకములో మైసూరునందు 1996నుండి, తమిళనాడులో మద్రాసునందు 2002నుండి, ఒడిశాలో సంబల్పురమునందు 2015నుండి రాష్ట్ర సార్వత్రిక విశ్వవిద్యాలయములు ఉన్నవి. యానాం వారికి ఇందిరాగాంధీ విశ్వవిద్యాలయము ఉండనే ఉన్నది. మన భాషలో చదువుటకు హైదరాబాదులోని అంబేద్కరు సార్వత్రిక విశ్వవిద్యాలయము ఉన్నది గదా యని కొందరు అడుగుదురు. 1982లో దేశములోనే మొదట పుట్టిన సార్వత్రిక విశ్వవిద్యాలయము అది. మనకు గర్వమే. అయినను రాష్ట్ర విశ్వవిద్యాలయములు తమ హద్దు దాటి కేంద్రములు నడుపరాదను నియమమున్నది గనుక మన వాడలో దాని కేంద్రము ఉండదు.

ఈ హద్దు సంగతి తెలియకనే మన పిల్లలు మోసపోవుచున్నారు. మా ప్రక్క వీధి కుర్రవాడొకడు, తువ్వాళ్ల కార్ఖానాలో పని చేయువాడు, ఆరు నెలలలో ఎం.ఏ. ఇప్పింతుమని బోర్డు కట్టిన ఒక దుకాణమునకు నలుబదివేలు కట్టెను. ఎక్కడిదో దూరదేశపు విశ్వవిద్యాలయము పేరు చెప్పిరి. కాగితము వచ్చినది, బంగారు రంగు ముద్రయు ఉన్నది. ఉద్యోగమునకు దరఖాస్తు చేయగ ఆ కాగితము చెల్లదని తెలిసినది. దుకాణము అప్పటికి ఎత్తివేసిరి. నలుబదివేలనగా అతని తల్లి మెడలోనిది. ఆ మూడేండ్ల డిగ్రీ మీద ఎం.ఏ.కు రెండేండ్లకు తక్కువ చదువు లేదు. ఆరు నెలలని ఎవరు చెప్పినను ఆ గుమ్మము ఎక్కరాదు. దూరవిద్య నడుపుటకు అనుమతి గల సంస్థల జాబితాను యు.జి.సి. దూరవిద్యా విభాగము చదువు సంవత్సరము వారీగ ప్రకటించుచున్నది. 2024నుండి దూరవిద్యలో చేరుటకు ముందు ఆ విభాగము వారి గుర్తింపు సంఖ్య తీసికొనుటయు తప్పనిసరి చేసిరి. అది విద్యార్థియే స్వయముగ తీసికొనవలెను. నకిలీ విశ్వవిద్యాలయముల జాబితా వేరుగ వచ్చును. సొంత ప్రభుత్వ సంస్థయే యైనను ఆ సంవత్సరపు జాబితా చూడవలెను: మైసూరులోని సార్వత్రిక విశ్వవిద్యాలయమునకే 2013-14నుండి కొన్నేండ్లు గుర్తింపు నిలిచిపోయి 2018లో గాని తిరిగి రాలేదు. ఆ నడుమ చదివినవారు పడిన అవస్థ పత్రికలలో వచ్చినది.

అందరును ఎం.ఏ. చదువవలెనని మేము అనుటలేదు. శుభలేఖమీద పేరు ప్రక్కన రెండక్షరములు వేయుటకై చదువువారిని చూచినాము. వారికి మా సలహా, ఆ డబ్బుతో మగ్గమునకు మంచి జకార్డు పెట్టించుకొనుడని. చేరుటకు ముందే ఈ పట్టముతో ఏమి చేయుదునని తేల్చుకొనవలెను. కళాశాలలో చెప్పు ఉద్యోగము కోరువాడు, జాతీయ అర్హత పరీక్షకు ఎం.ఏ.లో 55 శాతము, వెనుకబడిన తరగతుల రాయితీ వర్తించువారికి 50 శాతము మార్కులు కావలెనని మొదటి దినముననే తెలిసికొని చదువవలెను. పాసైన చాలునని 45 తెచ్చుకొని తరువాత ఏడ్చిన లాభము లేదు. లెక్కల పని చేయువానికి ఎం.కామ్. పనికివచ్చును. కొందరికి ఏ పట్టము కంటెను రంగుల అద్దకము ఆరు వారములు నేర్చుకొనుట మేలు. ఇవి ఎవరికి వారు ఆలోచించుకొనవలసినవి. కాని ఆలోచించుకొని చేరినవానికి మన సంఘము అడ్డుపడరాదు. మేము అడ్డుపడితిమి గనుక చెప్పుచున్నాము.

రాబోవు సర్వసభ్య సమావేశములో మా సంఘమున ఒక తీర్మానము పెట్టుచున్నాము. సన్మానపు దరఖాస్తులో పూర్తికాలము అను మాట కొట్టివేయుట. ఉద్యోగులకు పరీక్ష దినములు జీతముతో సెలవు. అర్ధసంవత్సరమునకు నాలుగైదు పేపర్లు గనుక ఏడాదికి పది దినములు మించదు. మగ్గము మీద నేయు సభ్యుని ఇంటిలో ఎవరైన పరీక్ష వ్రాయుచున్నచో, ఆ నెల పడుగు ఆలస్యమైనను అడ్వాన్సులో కోత పెట్టకుండుట. రుసుమునకు అప్పు ఇచ్చు సంగతిలో పాలకవర్గములో ఇంకను ఏకాభిప్రాయము లేదు; మాకును కొంత సందేహమున్నది, ఏలనగా పొదుపు నిధి నూలు కొనుగోలుకే చాలీచాలక యున్నది. ఇతర ఊళ్ల సంఘములవారు ఇట్టి అప్పు ఇచ్చిచూచి యున్నచో, వసూలు ఎట్లు జరిగినదో ఈ పత్రికకు వ్రాయుడని కోరుచున్నాము.

ఒక పని మాత్రము తీర్మానమునకు ఆగక చేసితిమి. సంఘపు గది మరమగ్గములకు దూరము. రాత్రి నిశ్శబ్దముగ ఉండును. దానికి రెండవ తాళపుచెవి చేయించి గుమాస్తాకు ఇచ్చితిమి. ఇప్పుడు అతనితోబాటు మరి ముగ్గురు, అందులో ఒకరు పగలు బీడీలు చుట్టి బి.ఏ. చదువు అమ్మాయి, తన అన్నను తోడు తెచ్చుకొని వచ్చుచున్నది. కరెంటు బిల్లు పెరిగినదని కోశాధికారి గారు అడిగినారు. ఆ సంగతియు సమావేశములో పెట్టుదురు.

ఈ శీతాకాలములోను అతని పరీక్షలు, పూనా ప్రదర్శన ఒకే వారమున పడినవి. కార్డు గీయు యంత్రము ఎట్లు వాడవలెనో మేము పదిహేను దినములుగ నేర్చుకొనుచున్నాము. రెండుసార్లు తప్పు అంకె కొట్టితిమి. ప్రదర్శనకు ఈ మారు మేమే పోవుచున్నాము.